ఒడియా పుస్తకం తెరవలేకపోతున్న అమ్మలుకు

బరంపురం

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

రైల్వే పరీక్షకు రోజూ మూడు గంటలు కూర్చుంటున్నావనీ, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కోసం కొన్న ఒడియా పుస్తకం మాత్రం కొన్నది కొన్నట్టే ఉందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడ దాన్ని బద్ధకం అంటోంది. మూడు గంటలు కదలకుండా చదివే పిల్లకు బద్ధకమేమిటి? రైల్వే పరీక్ష తెలుగులో రాయొచ్చు కాబట్టి అక్కడ నీకు బెరుకు లేదు. ఒడియా దగ్గరికొచ్చేసరికి, పర్లాకిమిడి బజార్లో గడగడా మాట్లాడే దానివి, కాగితం మీద ఒకటో తరగతి పిల్లలా తడబడుతున్నావు. ఆ చిన్నతనం ఓర్చుకోలేక పుస్తకం మూసేస్తున్నావు. మూయగానే ప్రాణం తెరిపిన పడుతుంది. మనసు ఆ తెరిపికి మరిగి మర్నాడు ఇంకా ముందే మూయిస్తుంది. వాయిదా వేసే అలవాటును ఏళ్ళ తరబడి పరిశీలించిన కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త తిమోతీ పిచిల్ కూడా ఇదే చెబుతాడు. టైము చాలక కాదట, పని తలచుకుంటే కలిగే చిరాకు నుంచి తప్పించుకోవడానికే మనం దాన్ని వెనక్కి నెడతాం. అందుకే నువ్వు గోడకు ఎన్ని టైంటేబుళ్ళు అంటించినా ఇది కదలదు. బెరుకు పుట్టనంత చిన్నగా మొదలుపెడితేనే కదులుతుంది.

"ఒడియా నేర్చుకోవాలి" అని కాగితం మీద రాసుకుంటే ఏం చేయాలో చేతికి తెలియదు. "నాలుగు గీతల కాపీ పుస్తకంలో క నుంచి ఙ వరకు అయిదక్షరాలు, ఒక్కోటి రెండు వరసలు" అని రాసుకో. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా అందులోనే ఉండాలి: "పొద్దున్న టీ గ్లాసు కడిగి బోర్లించగానే, వరండాలో బల్ల దగ్గర." పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఈ పద్ధతి మీద ఒక వ్యాసం రాశాడు. ఫలానా పని అవగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకున్నవాళ్ళు, ఊరికే చేయాలనుకున్నవాళ్ళ కన్నా పని ఎక్కువగా పూర్తి చేస్తారని అందులో చూపించాడు. "పొద్దున్న ఆరింటికి" అని రాసుకోకు. ఆరు దాటి పది నిమిషాలైతే ఇంక ఈ పూటకి అయిపోయిందనిపిస్తుంది. గ్లాసు మాత్రం ఎప్పుడైనా కడగాల్సిందే.

మొదటి వారం పది నిమిషాలే. పదకొండో నిమిషంలో ఉత్సాహం పొంగినా ఆపేయి. తొలిరోజే మూడు గంటలు కూర్చున్నవాళ్ళకు రెండో రోజు ఆ మూడు గంటలే కొండలా కనబడతాయి, నాలుగో రోజుకి పుస్తకం అటకెక్కుతుంది. రెండో వారం పదిహేను, మూడో వారం నుంచి ఇరవై అయిదు నిమిషాలు. ఆ తర్వాత అయిదు నిమిషాలు లేచి తిరుగు. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే కుర్రాడు 1980ల చివర్లో కాలేజీ చదువుకుంటూ, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం పెట్టుకుని ఈ ఇరవై అయిదు, అయిదు లెక్క మొదలుపెట్టాడు. నువ్వు గోడ గడియారం చూసుకో. ఫోన్లో అలారం వద్దు, అలారం ఆపడానికి తీసిన ఫోను చేతిలోనే ఉండిపోతుంది. అది లోపలి గదిలో ఉండనీ.

లేచేముందు మరునాటి మొదటి అక్షరం వరస మొదట్లో ఒకసారి రాసి ఉంచు. రేపు ఎక్కడ మొదలుపెట్టాలా అని మీనమేషాలు లెక్కపెట్టే పని ఉండదు.

ఇక అసలు ఒడియా సంగతి. పైన క నుంచి ఙ వరకు అన్నది ఉదాహరణకే, వరసక్రమంలోనే పోవాలని లేదు, సులువైనవి ముందు పట్టు. ఠ ఉత్త గుండ్రమే, మన సున్నా లాగా. అలాంటివి నాలుగు వస్తే చేతికి ధైర్యం వస్తుంది. తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. ఒత్తుల దగ్గర చాలామంది ఆగిపోతారు, అక్కడ రోజుకు మూడు చాలు.

నీకు అసలు చిక్కు అక్షరాలు వచ్చాక మొదలవుతుంది. నోటితో బాగా వచ్చిన భాష కాబట్టి చెవిని నమ్మి రాస్తావు, అక్కడే తప్పులు పడతాయి. శ, ష, స మూడూ వాళ్ళ నోట స లాగే పలుకుతాయి. ఇ, ఈలకు, ఉ, ఊలకు పలకడంలో తేడా ఉండదు. జాత్రా అని అంటారు, రాసేది మాత్రం య వరస అక్షరంతో. అందుకని ఒక్కో మాటనూ కంటితో చూసి పట్టాలి. రోజుకు పది మాటలు తమ్ముడి చేత చదివించుకుని రాయి. తప్పినవి మూడేసి సార్లు రాసి, మర్నాటి పదిలో వాటినే మొదట పెట్టు. నెల దాటాక 'సమాజ' పేపరు తీసుకుని రోజూ ఒక్క హెడ్డింగు చూసి రాయి. 1919లో గోపబంధు దాస్ పెట్టిన పేపరు, భాష శుభ్రంగా ఉంటుంది.

రోజు తప్పితే ఏం చేయాలో ఇప్పుడే అనుకో. లండన్లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం తొంభై ఆరు మందిని చూస్తే, కొత్త అలవాటు కుదరడానికి కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా లెక్క తేలింది, మధ్యరకం 66. మధ్యలో ఒక్కరోజు తప్పినందువల్ల అలవాటేమీ చెడలేదు. చెడగొట్టేది "నిన్నటిది కూడా కలిపి ఈరోజు రెట్టింపు చేస్తాను" అనుకోవడం. పోయింది పోనీ, ఈరోజుది ఈరోజే. పెళ్ళికో రథయాత్రకో ఇల్లు కదిలిన రోజున అయిదు మాటలు రాసినా చాలు, కాపీ పుస్తకం మీద ఆ తేదీ పడాలి.

ఇదంతా ఎందుకంటే, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా మాట్లాడితే సరిపోదు, చదవడం రాయడం రావాలి. ఏడో తరగతిలో గానీ ఆ పైన గానీ ఒడియా ఒక భాషగా పాసవ్వాలి. నీలా తెలుగు మీడియంలో చదివి అది లేనివాళ్ళకు ఎం.ఈ. (మిడిల్ ఇంగ్లీషు, అంటే ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష ఉంది. దాని నోటిఫికేషను ఉందేమో ప్రతి సోమవారం రైల్వే చదువు మొదలుపెట్టేముందు చూడు. మార్కుల లిస్టుల జిరాక్సులు, ఫోటోలు, ఆధార్ కాపీ ఈ శనివారమే ఒక కవర్లో పెట్టేయి. అరగంట పని. చివరి తేదీ నాడు ఫోటో దొరక్క అప్లికేషను మానుకున్న పిల్లలు మన వీధుల్లో ఎందరో.

రాత్రి ఎనిమిదికల్లా ఆరోజు పేజీ ఫోటో తీసి నాకు పంపు. బాగుంది, బాగాలేదు అనను. తప్పు మాటల కింద గీత గీసి తిప్పి పంపుతాను. ఫోటో రాకపోతే తొమ్మిదింటికి నేనే ఫోన్ చేస్తాను. ఇలా అడుగుతానని మీ అమ్మకు కూడా చెప్పాను, ఆవిడ ఈ విషయంలో నిన్ను మందలించకుండా ఉంటానని ఒప్పుకుంది.

తమ్ముడికి నా ఆశీస్సులు. రోజూ పది మాటలు చదివి పెట్టే పని వాడిదని ఈ ఉత్తరం చూపించి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ