డ్రాయింగ్ టీచర్ అవుతానంటున్న అమ్మాయి: ఉద్యోగాలున్నాయా, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా చండూరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. ఇంజనీరింగ్ వద్దు, హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ అవుతానంటోంది. చుట్టాలేమో "బొమ్మలేసుకుంట బతుకుతదా?" అంటున్నారు. ఆ ఉద్యోగాలు అసలు ఉన్నాయా? ఏం చదివించాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఉద్యోగాల సంగతే చెబుతాను, మీకు నిద్ర పట్టనిది దాని గురించే కాబట్టి.

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ అనే పోస్టు పాతదే. అయితే మిగతా టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినా, అందులో ఇది ఇప్పుడు ఉండటం లేదు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు భర్తీకి పెడితే, అందులో డ్రాయింగ్ మాస్టర్ల కేటగిరీయే లేదు. కాబట్టి డీఎస్సీ మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. గురుకులాల వైపు చూడండి. 2023లో గురుకుల నియామక బోర్డు ఆర్ట్ టీచర్ల కోసం విడిగా నోటిఫికేషన్ ఇచ్చింది, 132 పోస్టులతో. అలాంటివి ఏటా రావు. వచ్చిన రోజున చేతిలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లే దరఖాస్తు చేయగలుగుతారు.

ఇక కేంద్ర విద్యాసంస్థలు. నవోదయల్లో ఆర్ట్ టీచర్ పోస్టు ఉంటుంది. మీ జిల్లాలో చలకుర్తిలో, పాలమూరు వైపు వట్టెంలో ఉన్నవి మీకు తెలిసే ఉంటాయి. మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. దేశమంతా పోటీ పడుతుంది కాబట్టి ఉద్యోగం తేలిగ్గా దొరకదు, ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి. కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఇలాగే. హిందీ, ఇంగ్లిష్ మాట్లాడటం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందకు మించి పిల్లలుంటే ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఆ ఉద్యోగం కాంట్రాక్టు లాంటిది, జీతం తక్కువ. ప్రైవేటు స్కూళ్లలో అవకాశాలు ఎక్కువే గానీ, చిన్న బడుల్లో ఒకే టీచర్ రెండు మూడు చోట్ల తిరిగితే తప్ప నెల గడవదు. పైగా యాన్యువల్ డే వచ్చిందంటే స్టేజీ వెనక తెర నుంచి సర్టిఫికెట్ల మీద పేర్ల దాకా అన్నీ డ్రాయింగ్ టీచర్ మెడకే చుట్టుకుంటాయి. ఇది అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. తర్వాత తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటుంది.

చదువు విషయంలో నా సలహా సూటిగా చెబుతున్నాను. అసలు దారిగా బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేయించండి. నాలుగేళ్ల డిగ్రీ, ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా చేరవచ్చు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ లాంటి విభాగాలున్నాయి. దానికి ఫాడీ (ఫైన్ ఆర్ట్స్ అండ్ డిజైన్ ఎంట్రన్స్ ఎగ్జామినేషన్) అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎప్‌సెట్ చదువుతో దీనికి సంబంధం లేదు. ఎదురుగా ఏమీ లేకుండా సంత, బస్టాండ్, నాట్లు వేస్తున్న ఆడవాళ్లు లాంటి దృశ్యాలను గుర్తు తెచ్చుకుని గీసే అలవాటు ఉండాలి. మీ చండూరు సంత ఒక్కటి చాలు. వారం వారం వెళ్లి చూసి, ఇంటికొచ్చి గీయమనండి.

దాంతో పాటు ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, ఆ తర్వాత హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయించండి. ఫ్రీహ్యాండ్, డిజైన్, మెమరీ డ్రాయింగ్ లాంటి పేపర్లుంటాయి. పద్దెనిమిదేళ్లు నిండాక వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ తీసుకోవచ్చు. ఖర్చు తక్కువే. డిగ్రీ ఉంది కదా, ఈ చిన్న సర్టిఫికెట్లు ఎందుకని కొందరు వదిలేస్తారు. అది పొరపాటు. నోటిఫికేషన్‌లో అర్హతల కాలమ్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. రెండూ ఉంటే ఏ దారీ మూసుకుపోదు.

ఇప్పుడు, మీరు అడగకపోయినా నేను చెప్పాలనుకున్న విషయం. బాగా గీయడం వేరు, పద్నాలుగేళ్ల పిల్లల చేత గీయించడం వేరు. మీ అమ్మాయి మొదటిదాన్ని ఇష్టపడుతోందని మీ ఉత్తరంలో ఉంది. రెండోదాని గురించి ఒక్క ముక్కా లేదు.

ఎనిమిదో తరగతి గదిలో అరవై మందికి "మీ ఊరు గీయండి" అని చెప్పి చూడండి. నలభై కాగితాల మీద అవే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పెంకుటిల్లు, కొబ్బరి చెట్టు ఉంటాయి. ఆ పిల్లల ఊళ్లో కొబ్బరి చెట్టే ఉండదు, ఉండేవి తాళ్లు, ఈదులు. ఇల్లు చూస్తే డాబా. ఎవరో ఎప్పుడో గీసిందాన్ని చేయి నేర్చేసుకుంది, కన్ను చూడటం మానేసింది. "మేడమ్, మీరే గీసియ్యండి" అని కాగితం చాపుతారు. గీసిచ్చారంటే క్లాసు నిశ్శబ్దంగా, హాయిగా గడిచిపోతుంది. పిల్లలకు మాత్రం ఏమీ రాదు. మంచి టీచర్ ఏం చేస్తుందంటే, ఒక తంగేడు కొమ్మ తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? మొగ్గ ఎటు వంగింది? బతుకమ్మకు ఏటా తెంపే పువ్వే, కానీ ఈ ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. అప్పుడు ఒకడు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి చూస్తాడు. పాఠం అక్కడ మొదలైనట్టు.

మీ ప్రాంతం పిల్లలకు ఇంకో అదృష్టం ఉంది. గట్టుప్పల్, పుట్టపాక మీకు కూతవేటు దూరమే. మగ్గం మీద డిజైన్ ఎలా పుడుతుందో, గ్రాఫ్ కాగితం మీది గడిని బట్టి నూలుకు ఎక్కడ కట్టు కట్టి రంగులో ముంచుతారో అక్కడ కళ్లారా చూడవచ్చు. నూలుకు నూనె పట్టించి నేసే తేలియా రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు రంగులతోనే అంత పని ఎలా చేశారన్నది తొమ్మిదో తరగతికి నెల రోజుల పాఠం. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన చిత్రకారులు మన మధ్యే ఉన్నారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించిన ఏలే లక్ష్మణ్‌ది పాత నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం, చేనేత కుటుంబం. మీ చుట్టాలకు ఆ పేరు చెప్పండి.

కాబట్టి పరీక్షలైపోయాక ఎండాకాలంలో ఒక పని చేయించండి. వాడలోని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను పది మందిని పోగేసి, రోజూ పొద్దున గంటసేపు నేర్పమనండి. ఫీజు వద్దు. మీరు పక్కన కూర్చోవద్దు. నెల తర్వాత తను వేసిన బొమ్మలు అడగకుండా, ఆ పిల్లల కాగితాలు చూపించమనండి. "వీడికి మొదట్లో గీత నిలబడేది కాదు నాన్నా, ఇప్పుడు చూడు" అని తనంతట తాను ఒక్కో కాగితం తీసి చెబుతుంటే, ధైర్యంగా బీఎఫ్‌ఏకు పంపండి. పిల్లల గోలకు విసుగొచ్చి మధ్యలోనే ఆపేస్తే, ఆర్ట్ మీద ఇష్టం లేదనుకోవద్దు. అదే బీఎఫ్‌ఏతో అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, టెక్స్‌టైల్ డిజైన్ వైపు వెళ్లవచ్చు. ఎంపీసీ కాబట్టి ఆర్కిటెక్చర్ కూడా చూడవచ్చు.

ఫాడీ దరఖాస్తు తేదీలు యూనివర్సిటీ వెబ్‌సైట్లో వస్తాయి. ఇంటర్ పరీక్షల హడావుడిలో అవి దాటిపోకుండా మీరే చూసుకోండి. ఎప్‌సెట్ కూడా రాయమని బలవంతం చేయాలా అని మీకు అనిపిస్తుంది. తనకు ఇష్టముంటే రాయనివ్వండి. లేదంటే ఆ రెండు నెలలూ పెన్సిల్‌కే వదిలేయండి.