యుద్ధం బొమ్మలో హీరో కోసం వెతక్కండి

బరోక్ కాలపు (యూరప్‌లో సుమారు 17వ శతాబ్దం) గుర్రపు దళాల యుద్ధం బొమ్మ చూస్తే అంతా గందరగోళంగా ఉంది, ఎవరు ఎవరి పక్షమో తెలియట్లేదు, అసలు ఏం చూడాలి అని అడిగారు కదా. మొదట నాకూ అచ్చం ఇలాగే అనిపించింది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు సాల్వతోర్ రోసా 1652లో వేసిన యుద్ధం బొమ్మ ముందు నిలబడి, రాజెవరా, సేనాపతి ఎవరా అని పావుగంట వెతికాను. పల్నాటి యుద్ధం అనగానే బాలచంద్రుణ్ణి గుర్తుచేసుకునేవాళ్లం, అలా వెతకడం సహజమే. కానీ ఇందులో హీరో లేడు, ఇది ఫలానా యుద్ధం అని కూడా కాదు. 2 మీటర్లకు పైగా ఎత్తు, 3.5 మీటర్ల వెడల్పున్న ఆ బొమ్మని పోప్ రాయబారి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కానుక ఇవ్వడానికి వేయించాడు, అయినా ఎవరు గెలుస్తున్నారో తేలదు.

నాకు అసలు సంగతి కాపీ చేస్తేనే తెలిసింది. ఇంటికొచ్చాక అందులో ఓ మూలని ఆయిల్‌లో వేశాను, ప్రతి గుర్రానికీ నాలుగు కాళ్లూ శుభ్రంగా గీశాను. అన్నీ సంతలో కట్టేసినట్టు నిలబడిపోయాయి. రోసా బొమ్మ ఫొటో జూమ్ చేసి చూస్తే మెడలు, వీపులు, ఎగిరే జూలు కనిపిస్తున్నాయి గానీ కాళ్లు చాలావరకు దుమ్ములో, చీకట్లో కలిసిపోయాయి. గుడ్డని టర్పెంటైన్‌లో తడిపి సగం కాళ్లు తుడిచేశాను, కింద పూసిన ముదురు గోధుమరంగు బయటపడింది, అప్పుడు కదిలాయి గుర్రాలు! ఆ రోజుల్లో చాలామంది ఇలాంటి ముదురు పూత మీదే వేసేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆయిల్ రంగు పలచబడినట్టయి ఆ పూత పైకి తేలుతుంది కాబట్టి, మీకు కనిపించే గజిబిజిలో కొంత వయసు వల్ల వచ్చిందే.

ఫ్రెంచ్ చిత్రకారుడు జాక్ కుర్త్వా (1621–1676) బొమ్మలు కూడా చూడండి. ఆయన కుర్రతనంలో మూడేళ్లు సైన్యంతో తిరిగినవాడు, తర్వాత జెసూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘంలో చేరినా యుద్ధాలు వేయడం మానలేదు. డచ్ చిత్రకారుడు వౌవెర్మన్ బొమ్మ దొరికితే ముందు తెల్లగుర్రం ఎక్కడుందో చూడండి, దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది, చూపు అక్కడి నుంచే మొదలవుతుంది.

కళ్లు సగం మూసి వెలుతురు ఎటు నుంచి ఎటు పోతోందో చూసి, ఆ తర్వాత దగ్గరికెళ్లి కింది అంచు చూడండి. గుర్రాల కింద నేలమీద పడ్డవాళ్లు ఉంటారు. రోసా బొమ్మ దగ్గర చివరికి నేను ఎక్కువసేపు చూసింది వాళ్లనే.