పిల్లల బరువు విషయంలో బడి ఏమి చేయగలదు?

తొమ్మిదో తరగతికి వచ్చాక మీ అమ్మాయి బాగా బరువు పెరిగిందని, బడివాళ్ళను ఏమి అడగవచ్చో చెప్పమని రాశారు. ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్నాను కాబట్టి చూసినదే చెబుతాను. బొద్దుగా ఉన్న పిల్లను విడదీసి చేసే ఏ పనీ నిలవదు. అందరు పిల్లల దినచర్యా మారాలి.

ముందు టైమ్‌టేబుల్ చూడండి. ఆటల పీరియడ్ కాగితం మీద ఉంటుంది, ఎనిమిదో తరగతి దాటగానే లెక్కల మాస్టారికి వెళ్ళిపోతుంది. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు బాగా ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు, ఆపైన ట్యూషన్ ఉన్న పిల్లకు ఇంటి దగ్గర ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? బడే ఇవ్వాలి.

ఎలా ఆడిస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఇద్దరు నాయకులను నిలబెట్టి జట్లు ఎంచుకోమంటే, లావుగా ఉన్న పిల్ల ప్రతిసారీ చివరికి మిగులుతుంది. ఇక ఆటల పీరియడ్ వచ్చిందంటే చాలు, ఆ పిల్లకు కడుపునొప్పి! అందుకే నేను వరుసలో ఒకటి, రెండు అని అంకెలు చెప్పించి జట్లు వేస్తాను. గుంజీళ్ళు తీయించడం, మైదానం చుట్టూ పరిగెత్తించడం వంటి శిక్షలను యాజమాన్యంతో వాదించి మాన్పించాను. నిన్న శిక్షగా చేసినదాన్ని ఈ రోజు ఇష్టంగా చేయమంటే ఎవరు చేస్తారు?

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రజస్వల అయ్యాక చాలామంది గట్టు మీద కూర్చుండిపోతారు. దాన్ని బద్ధకం అనకండి. ఇబ్బంది పెట్టే స్కర్టు, మగపిల్లల చూపులు, శుభ్రంగా లేని మరుగుదొడ్డి, ఇవీ కారణాలు. ఆటల రోజున ట్రాక్ ప్యాంటు వేసుకు రావచ్చని చెప్పి, అమ్మాయిలకు విడిగా త్రోబాల్ కోర్టు గీసి ఇచ్చాక, మా దగ్గర గంట కొట్టినా కోర్టు వదలనివాళ్ళు తయారయ్యారు. తాడాటకు వరండా చాలు, మైదానం లేదన్న సాకు ఒప్పుకోకండి.

ఇక తిండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింకులు కనిపిస్తే దీన్ని చూపిస్తూ రాతపూర్వకంగా అడగండి. శనగ గుగ్గిళ్ళు, ఉడికించిన వేరుశనగకాయలు, అరటిపండ్లు, మజ్జిగ పెట్టమనండి. చక్కెర ఎంత తింటున్నారో పిల్లలకు తెలిసేలా బోర్డులు పెట్టాలని సీబీఎస్‌ఈ కూడా 2025లో తన బడులకు చెప్పింది.

తరగతి ముందు తూకం వేసి అంకె పైకి చదవడాన్ని మాత్రం అస్సలు ఒప్పుకోకండి. కొలతలు చాటుగా తీసి, కవరులో పెట్టి తల్లిదండ్రులకే ఇవ్వాలి. ఎత్తు, వయసు చూడకుండా బరువు ఒక్కదానితో ఏమీ తేల్చకూడదు. మీరూ ఇంట్లో ఏ పూటా తిండి మాన్పించవద్దు, ఎదిగే ఒంటికి అది చేటు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారినా, నెలసరి క్రమం తప్పినా డాక్టరుకు చూపించండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి మరో నలుగురిని కలుపుకుని వెళ్ళండి. మీ అమ్మాయి పేరు ఎత్తకుండా, తొమ్మిది, పది తరగతుల ఆటల పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వబోమని ప్రిన్సిపాల్ చేత రాయించుకోండి.