సరిహద్దు జిల్లా పటం డేటాబేస్‌లోకి ఎక్కించే ముందు

బరంపురం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

గజపతి జిల్లాలో ఏ ఊరికి ఏ ఆసుపత్రి దగ్గరో లెక్క తీయాలని, అందుకోసం అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను, పటాలు దాచుకునే డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లోకి ఎక్కించబోతున్నానని రాశావు. కమాండ్లు నీకు ఎలాగూ దొరుకుతాయి. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, పటం ఎంత మేరకు తీసుకోవాలన్నది.

గజపతి అనగానే ఒడిశా ఉన్న ఫైలు చాలు అనిపిస్తుంది. చాలదు. జిల్లా కేంద్రం పర్లాకిమిడి పక్కనే ఉన్న పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోది. పర్లాకిమిడి మీదుగా ఒడిశాలోని గుణుపురం వెళ్ళే రైలు దారి ఆంధ్రలోని నౌపడాలో మొదలవుతుంది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకున్న తల్లి దగ్గరి డాక్టరును వెతుక్కుంటుంది గాని రాష్ట్రం చూడదు. (ఏ ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుందన్నది వేరే గొడవ. దానికి ఒక కాలమ్ విడిగా పెట్టుకో.)

ఆ డేటాను దింపుకోనిచ్చే జియోఫాబ్రిక్ సైటు మన దేశాన్ని ఆరు జోన్ల ఫైళ్ళుగా ఇస్తుంది. ఒడిశా తూర్పు జోన్‌లో, ఆంధ్ర దక్షిణ జోన్‌లో పడ్డాయి. రెండింటినీ ఒకే రోజు దింపుకో. అవి రోజూ మారుతుంటాయి కనుక తేదీలు వేరైతే, కలిపినప్పుడు ఒకే రోడ్డు రెండు వెర్షన్లలో కనబడవచ్చు. ఆస్మియం అనే పరికరంతో వాటిని కలిపి, జిల్లా చుట్టూ యాభై కిలోమీటర్లు అదనంగా ఉంచి కత్తిరించు. కత్తిరింపులో ‘స్మార్ట్’ పద్ధతి ఎంచుకో. లేదంటే గీతకు అటూ ఇటూ పరచుకున్న నదులు, జలాశయాల అంచులు కొన్ని బయటే ఉండిపోయి ఆకారం పూర్తి కాదు. ఇదయ్యాక రైలు దారిని ఒకసారి తెర మీద గీయించి చూడు. సరిహద్దు దగ్గర తెగిపోయిందంటే దక్షిణ జోన్ ఫైలు కలవలేదన్న మాట.

డేటాబేస్‌లోకి ఎక్కించడానికి ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ (osm2pgsql) అనే పరికరం చాలు. వెతికితే దొరికే పాఠాల్లో సగం దాని పాత పద్ధతివి. ఆ పద్ధతి తయారుచేసే టేబుళ్ళలో ‘రోడ్స్’ అని ఒకటుంటుంది. పేరు చూసి నమ్మకు. అందులో అన్ని రోడ్లూ ఉండవు. దూరం నుంచి చూసే పటంలో గీయడానికి ఏరిన పెద్ద రోడ్లు, రైలు మార్గాలు, సరిహద్దుల వంటివే ఉంటాయి. నువ్వు దాని కొత్త పద్ధతి, ఫ్లెక్స్, పట్టుకో. లువా భాషలో చిన్న ఫైలు రాసి, ఏది ఏ టేబుల్‌లోకి వెళ్ళాలో నువ్వే నిర్ణయించుకోవచ్చు. మొదట్లో కాస్త విసుగు పుట్టిస్తుంది, ఓర్చుకో.

నీ పనికి అది ఎందుకు మేలంటే, పటంలో ఒక ఆసుపత్రి చుక్కగా ఉంటుంది, మరొకటి భవనం ఆకారంగా ఉంటుంది. పాత పద్ధతిలో అవి రెండు టేబుళ్ళలోకి చీలిపోతాయి. చుక్కల్లో మాత్రమే వెతికితే పెద్ద ఆసుపత్రులే జారిపోవచ్చు, ఎందుకంటే ఆవరణతో సహా గీసేది ఎక్కువగా వాటినే. ఫ్లెక్స్‌లో ఆకారానికి మధ్య బిందువు తీసి, అన్నిటినీ ఒకే టేబుల్‌లో పెట్టవచ్చు. ట్యాగులన్నీ, అంటే పేరు, రకం వంటి వివరాలన్నీ, ఒక జేసన్ కాలమ్‌లో (ఎన్ని వివరాలైనా ఒకేచోట పట్టే రకం) ఉంచు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు పేర్లలో ఉన్నవన్నీ దక్కుతాయి.

దూరాల దగ్గర జాగ్రత్త. నువ్వు చెప్పకపోతే ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ 3857 ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే వెబ్ పటాల పద్ధతిలో, నిల్వ చేస్తుంది. మన 19 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో కొలిచిన దూరం దాదాపు ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇరవై కిలోమీటర్లు ఇరవై ఒకటి దాటిపోతాయి. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎమ్‌కు మారుద్దామంటే, 44, 45 పట్టీలను విడదీసే 84 డిగ్రీల రేఖాంశం గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్యగా పోతుంది, మన పటం రెండు పట్టీల్లో పడుతుంది. కనుక 4326లో, అంటే నేరుగా అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో, నిల్వ చేసి, కొలిచేటప్పుడు భూమి వంపు మీద కొలిచే జాగ్రఫీ రకానికి మార్చుకో. చేత్తో బిందువు వేసేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తరవాత. అయినా అది గాలిలో దూరమే. మహేంద్రగిరి వైపు కొండ దారులకు ఆ లెక్క పనికిరాదు, రోడ్డు దూరం వేరుగా తీయాలి.

ప్రతి రోజూ మార్పులు చేర్చుకునే ఏర్పాటు నీకు అనవసరం. ఇంత చిన్న ముక్కను నెలకోసారి మొదటినుంచి ఎక్కించుకోవడమే సుఖం.

పటంలో ఆసుపత్రి లేనంత మాత్రాన ఊళ్ళో లేదని రాయకు. ఆశా కార్యకర్తలను అడిగి, దొరికిన కేంద్రాలను నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే చేర్చు, వచ్చే నెల ఫైలులో అవే వస్తాయి. పటం అచ్చువేస్తే డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సహకర్తలదని కింద రాయడం మరవకు, ఆ డేటాకు వర్తించే ఓడీబీఎల్ లైసెన్సు షరతు అది. మొదటి జాబితా తయారవగానే పంపు, కాశీనగర్ వైపు ఊళ్ళు నేను సరిచూసి పెడతాను.

ఆశీస్సులతో,
మామయ్య