విమానమెక్కితే గుండెదడ, కారెక్కితే నిశ్చింత: ప్రయాణ భద్రతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వారు ఉద్యోగరీత్యా నెలకు రెండు మూడుసార్లు విమానంలో వెళ్ళి వస్తారు. క్షేమంగా దిగానని ఆయన ఫోన్ చేసేదాకా నాకు ముద్ద దిగదు. వచ్చే నెల కుటుంబమంతా తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం వెళ్ళవలసి ఉంది. విమానం వద్దు, ఆయన ఆఫీసు నుంచి రాగానే రాత్రికి కారులో బయలుదేరదామని నేను పట్టుబడుతున్నాను. ఆయనే నడుపుతారు కాబట్టి నాకు ధైర్యంగా ఉంటుంది. నా ఆలోచన సరైనదేనా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముద్ద దిగనంత భయం అంకెలు చెబితే పోతుందని నేను అనుకోవడం లేదు. అయినా మీరు అడిగినదానికి సూటిగా చెప్పవలసి వస్తే, మీ ఆలోచన సరైనది కాదు. మీవాళ్ళ చేత తక్కువ ప్రమాదమున్న ప్రయాణం మాన్పించి, ఎక్కువ ప్రమాదమున్న ప్రయాణం చేయిస్తున్నారు. అదీ రాత్రిపూట, పగలంతా పనిచేసి అలసిపోయిన ఒకే ఒక్క మనిషి చేతిలో స్టీరింగ్ పెట్టి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు సుమారు 11 లక్షల 90 వేల మంది. అంటే రోజుకు మూడు వేల రెండు వందల మందికి పైగా. అయిదేళ్ళ పిల్లల నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ యువకుల దాకా, ఆ వయసువారి ప్రాణాలు అన్నిటికంటే ఎక్కువగా తీస్తున్నది ఏ జబ్బూ కాదు, రోడ్డే. విమానాల సంగతి చూస్తే, 2017లో ఏడాది పొడుగునా ప్రపంచంలో ఎక్కడా ప్రయాణికుల జెట్ విమానం కూలి ఒక్కరూ చనిపోలేదు. ప్రతి ఏడూ అంత మంచిది కాదు, నిజమే. కానీ గత పదేళ్ళలో ఎంత చెడ్డ సంవత్సరాన్ని తీసుకున్నా ఆ మరణాలు వందల్లోనే ఉన్నాయి.

విమానం కూలితే ఆ మంటలు, ఆ శకలాలు వారాల తరబడి టీవీలో కనిపిస్తూనే ఉంటాయి. రోడ్డు మీద పోయే ప్రాణాలు ఒకటీ రెండుగా పోతాయి కాబట్టి పత్రికలో నాలుగు వాక్యాలతో సరి. సులువుగా గుర్తొచ్చేదే తరచుగా జరుగుతుందని మనసు లెక్కకట్టుకుంటుంది. ఈ తప్పుడు లెక్క ప్రాణాలు తీసిన సందర్భం ఒకటి ఉంది. 2001 సెప్టెంబరు 11న దుండగులు నాలుగు విమానాలను హైజాక్ చేశాక, అమెరికాలో చాలామంది విమానాలు మానుకుని దూర ప్రయాణాలకు కూడా కార్లనే వాడారు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో, కేవలం ఈ మార్పువల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయి ఉంటారని జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగెరెంజర్ అంచనా వేశారు. జాగ్రత్తపడుతున్నామనే నమ్మకంతోనే వాళ్ళు కారెక్కారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఇక "ఆయనే నడుపుతారు" అన్న మాట. ఉదయం ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండింటికి పదిహేడు గంటలుగా మేలుకుని ఉన్నట్టు. అంతసేపు నిద్ర లేనివారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. చాలా దేశాల్లో అంత తాగి బండి నడపడం నేరం. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే కారు డెబ్భై అయిదు మీటర్లు పోతుంది. ఆ డెబ్భై అయిదు మీటర్లూ దాన్ని నడిపేవారు ఎవరూ లేనట్టే. విమానంలో అయితే పైలట్లు ఇద్దరుంటారు, ఎన్ని గంటలు పనిచేయాలో, మధ్యలో ఎంత విశ్రాంతి ఉండాలో చట్టమే నిర్ణయిస్తుంది. మీ వారికి ఆ హద్దు పెట్టేవారు మీరు తప్ప ఎవరూ లేరు.

కాబట్టి విమానంలోనే వెళ్ళండి. కారు తప్పనిసరి అయితే రాత్రంతా నిద్రపోయి తెల్లవారాక బయలుదేరండి, నడపగలవారు ఇంకొకరిని వెంట తీసుకెళ్ళండి, రెండు గంటలకోసారి ఆగండి. ఎంత చూసుకుంటూ వెళ్ళినా ఇంత దూరాన్ని ఒకే రోజులో ముగించాలనుకోవద్దు. మరో మాట: మీ వారు తెల్లవారుజాము విమానం అందుకోవడానికి నిద్రమత్తులో తామే కారు నడుపుకుంటూ విమానాశ్రయానికి వెళ్తుంటే, దిగులు పడవలసింది ఆ కాస్త దూరం గురించే.

ప్రశ్న: ఒక ఇంజిన్ ఆగిపోతే విమానం రాయిలా కింద పడుతుందంటారు. పైలట్ కూడా మనిషే కదా, పొరపాటు చేయడా? అలాంటప్పుడు విమానాన్ని అంతగా ఎలా నమ్మాలి?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: రాయిలా పడదు. రెండు ఇంజిన్ల విమానం టేకాఫ్ మధ్యలో ఒక ఇంజిన్ చెడినా, రెండోదానితోనే పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చి దిగగలగాలన్నది తయారీ నియమం. రెండూ ఆగినా కొంత దూరం జారుడుగా ఎగరగలదు.

రెండో ప్రశ్న ఇంతకంటే లోతైనది. పైలట్ పొరపాటు చేస్తాడు. పొరపాటు జరుగుతుందని ముందే ఒప్పుకుని దాని చుట్టూ కట్టిన ఏర్పాట్లే విమానయానాన్ని కాపాడుతున్నాయి. 1935లో అమెరికాలో ఒక కొత్త బోయింగ్ బాంబర్ పరీక్షా ప్రయాణంలో, నేలమీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా తోక భాగాలకు వేసే తాళం తీయడం మరిచిపోయారు. విమానం లేచీ లేవగానే కూలింది. నడిపినవారు ఎంతో అనుభవమున్న పైలట్లు. వాళ్ళను తిట్టి ఊరుకోకుండా, జ్ఞాపకశక్తిని నమ్ముకోకూడదని తీర్మానించి, ఒక కాగితం మీద చేయవలసిన పనుల జాబితా రాశారు. నేటికీ ప్రతి కాక్‌పిట్‌లోనూ ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూసుకునే చెక్‌లిస్ట్ పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

నన్ను ఎప్పుడూ కదిలించే ఉదాహరణ, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో జరిగిన ప్రమాదం. 1977 మార్చి 27న ఆ ద్వీపంలోని విమానాశ్రయాన్ని దట్టమైన మంచు కమ్మేసింది. రన్‌వే మీద ఒక చివర డచ్ విమాన సంస్థ కేఎల్ఎం వారి బోయింగ్ 747 విమానం, అదే రన్‌వే మీద ఇంకా పక్కకు తొలగని పాన్ అమెరికన్ వారి 747. టవరుకు రెండూ కనిపించడం లేదు; మాటలన్నీ రేడియోలోనే. ఒకేసారి ఇద్దరు మాట్లాడడంతో ముఖ్యమైన మాటలు గరగరలో కలిసిపోయాయి. కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. టేకాఫ్‌కు అనుమతి రాకముందే ఆయన విమానాన్ని పరుగెత్తించారు. అవతలి విమానం ఇంకా తొలగలేదేమోనని వెనక సీట్లోని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చారు కూడా. తొలగిందని కెప్టెన్ ధీమాగా కొట్టిపారేశారు. ఆ ఇంజనీరు రెండోసారి గట్టిగా అడగలేకపోయారు. మొత్తం 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. 'టేకాఫ్' అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప మరెక్కడా వాడకూడదన్నారు. కెప్టెన్ ఎంత పెద్దవాడైనా చిన్నవారు సందేహం చెప్పి తీరాలనీ, పెద్దవారు విని తీరాలనీ సిబ్బందికి శిక్షణ మొదలైంది. ప్రమాద దర్యాప్తు ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదు, అది మళ్ళీ జరగకుండా చూడడానికేనని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 13వ అనుబంధం స్పష్టంగా చెబుతుంది. రోడ్డు మీద ఒక మలుపులో పదిసార్లు ప్రమాదం జరిగినా, పదిసార్లూ "డ్రైవరు నిర్లక్ష్యం" అని రాసుకుని ఫైలు మూసేయడం మనకు అలవాటు. ఆ మలుపు అలాగే ఉంటుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ప్రశ్న: విమానంలో ఏ సీటు భద్రమైనది?
– తొలిసారి విమానమెక్కబోతున్న ఒక పాఠకుడు

జవాబు: ఏ ప్రమాదం ఎలా జరుగుతుందో ముందే తెలియదు కాబట్టి, ఫలానా సీటు అని హామీగా చెప్పలేము. కూర్చోగానే దగ్గరి అత్యవసర ద్వారం ఎన్ని వరుసల అవతల ఉందో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్ళు పనిచేయవు, ఆ లెక్క పనిచేస్తుంది. బెల్టు గుర్తు ఆరిపోయినా బెల్టు తీయకండి, హఠాత్తుగా వచ్చే గాలి కుదుపుల్లో గాయపడేవారు ఎక్కువగా బెల్టు లేనివారే. దిగిపొమ్మంటే బ్యాగు వదిలేయండి. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో ఒక పెద్ద విమానం మరో చిన్న విమానాన్ని ఢీకొని తగలబడుతున్నా, పెద్ద విమానంలోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారంటే, సామాన్ల కోసం దారికి అడ్డంగా నిలబడకపోవడం అందులో ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై రెండేళ్ళు. ముప్పై అయిదేళ్ళుగా నడుపుతున్నాను, కారుకు గీత కూడా పడలేదంటారు. కానీ ముందు బండిని ఆనుకుని పోతారు, ఒక చేత్తో ఫోన్ మాట్లాడతారు. బీప్ శబ్దం రాకుండా సీటుబెల్టు గాడిలో ఖాళీ క్లిప్పు ఒకటి గుచ్చి ఉంచారు. ఏమైనా అంటే "నువ్వా నాకు నేర్పేది?" అంటారు. ఏం చేయాలి?
– ఒక కుమార్తె

జవాబు: మీ నాన్నగారు చెడ్డవారు కాదు, నిర్లక్ష్యం చేయాలని చేయడమూ లేదు. ఎన్ని పొరపాట్లు చేసినా ఏమీ కాకపోవడాన్ని ఆయన నైపుణ్యమనుకుంటున్నారు. ఇది చాలామందికి ఉన్న భ్రమే. 1981లో స్వీడన్ పరిశోధకుడు ఓలా స్వెన్సన్ అడిగినప్పుడు, అమెరికన్ డ్రైవర్లలో 93 శాతం మంది తమ నైపుణ్యం సగంమంది కంటే మెరుగని చెప్పుకున్నారు. అది లెక్కకు అందని సంగతి. ఇరవై వేల గంటలు ఎగిరిన పైలట్ కూడా సాధారణంగా ఆరు నెలలకోసారి సిమ్యులేటరులో, అంటే కాక్‌పిట్‌ను అనుకరించే యంత్రంలో కూర్చుని పరీక్ష ఇవ్వాలి. కారు నడిపేవారికి లైసెన్సు చేతికొచ్చాక "మీరు తప్పు చేస్తున్నారు" అని చెప్పే మనిషే ఉండడు.

ఒకసారి నేను ఒక బంధువు కారులో ముందు సీట్లో కూర్చున్నాను. ముందు లారీ నంబరు ప్లేటు కింద, రంగు ఊడిన చిన్న అక్షరాలు కూడా చదవగలిగేంత దగ్గరగా ఆయన పోనిస్తున్నారు. ఫోన్ మోగితే చేతిలోకి తీసుకుని ఎవరిదా అని చూశారు. నా కాలు దానంతటదే లేని బ్రేకును తొక్కింది. ఎనభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు ఇరవై రెండు మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికే ఒక సెకను పైన పడుతుంది. ఆ రోజు మా మధ్య పది మీటర్లు కూడా లేవు. లారీ ఆగలేదు కాబట్టి మేము బతికాం. అంతకు మించి అందులో ఎవరి గొప్పా లేదు.

మీ నాన్నగారికి కారు కదులుతుండగా చెప్పకండి, నలుగురిలో అసలే చెప్పకండి. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు తప్పు పట్టే గొంతుతో కాకుండా, "మీ పక్కన కూర్చుంటే నాకు భయమేస్తోంది నాన్నా" అనండి. ఫోన్ మోగితే "నేను మాట్లాడతాను, ఇవ్వండి" అని చేయి చాచండి. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. చెవిలో పెట్టుకుని మాట్లాడినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే చేతులకంటే ముందు దృష్టి తప్పేది మనసుకే. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే తాపీగా "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు" అని లెక్కపెట్టి, ఆ తర్వాతే తమ కారు ఆ స్తంభాన్ని చేరేలా నడపమనండి. వానలో ఇంకా ఎక్కువ.

ఆ క్లిప్పు విషయంలో మాత్రం మొహమాటపడకండి, తీసి పారేయండి. యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి గోడను ఢీకొనడం, సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడడంతో సమానం. బెల్టు ముందు సీటువారి మరణావకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఎయిర్‌బ్యాగ్‌ను రూపొందించిందే, మనిషి బెల్టుతో తన చోట ఉంటాడన్న లెక్క మీద. వెనక కూర్చునేటప్పుడు మీరూ పెట్టుకోండి.

ప్రశ్న: నేను కొత్తగా కారు నేర్చుకున్నాను, నియమాలు పాటిస్తాను. వెనక వచ్చేవారు లైట్లు కొట్టి, హారన్ మోగించి మీదికి వస్తుంటే కంగారుపడి వేగం పెంచేస్తున్నాను.
– ఒక ఉద్యోగిని

జవాబు: వేగం పెంచకండి. పెంచినా అతను అంతే దగ్గరగా వస్తాడు, ఇప్పుడు ఇద్దరూ ప్రమాదకరమైన వేగంలో ఉంటారు. వెనకవాడు ఉంచని దూరాన్ని మీరు ముందు ఉంచండి. ముందు బండితో మీ ఎడం పెంచితే, ఆగవలసి వచ్చినప్పుడు మెల్లగా బ్రేకు వేయగలుగుతారు, వెనకవాడికీ సమయం దొరుకుతుంది. అతనికి బుద్ధి చెప్పాలని హఠాత్తుగా బ్రేకు కొట్టడం మాత్రం ఎన్నడూ వద్దు. అవకాశం రాగానే సిగ్నల్ ఇచ్చి పక్కకు తప్పుకోండి.

పెద్ద లారీల పక్కన ఉన్నప్పుడు, దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే అతనికి మీరూ కనిపించడం లేదని గ్రహించండి. పచ్చ లైటు పడగానే దూసుకుపోకుండా రెండు వైపులా చూసి కదలండి. దారి ఇచ్చాక కూడా ఎవరైనా మిమ్మల్ని వెంబడిస్తుంటే, ఇంటికి వెళ్ళకండి. తలుపులు లాక్ చేసుకుని, జనం, వెలుతురు ఉన్న చోటికి పోయి ఆగి, అక్కడి నుంచి పోలీసులకు ఫోన్ చేయండి.