టెక్ సందేహాలు: నోట్ల సేకరణకు స్కానరు, తేమ మీటరు, ఇనప్పెట్టె

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాగితపు నోట్లను సేకరించేవారి ప్రశ్నలు ఎక్కువగా ఉండటంతో వాటన్నిటికీ ఒకేచోట సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: పలు దేశాల పాత నోట్లను స్కాన్ చేసి దాచుకోవాలనుకుంటున్నాను. స్కానరు వెలుగుకు రంగులు వెలిసిపోతాయేమోనని భయంగా ఉంది. పైగా కొన్ని స్కాన్లను ఫొటోషాప్ తెరవనంటోంది. ఏం చేయాలి?

జవాబు: వెలుగు గురించి దిగులు పడనక్కర్లేదు. నోటు మీద మొత్తంగా ఎంత వెలుగు పడిందన్న దాన్ని బట్టే రంగు వెలుస్తుంది కాబట్టి, గాజుపలక కింద దీపం కొద్ది సెకన్లలో కదిలిపోయే ఫ్లాట్‌బెడ్ స్కానరు వల్ల కలిగే నష్టం, అదే నోటును ఫ్రేము కట్టించి కిటికీ ఎదుట తగిలిస్తే కలిగే నష్టం ముందు లెక్కలోకి రాదు. భయపడవలసింది కాగితాలను రోలర్లతో తానే లోపలికి లాక్కునే స్కానర్లకు. ఆఫీసు కాగితాల కోసం చేసిన ఆ రోలర్లు, మడత దగ్గర ఇప్పటికే పీచు తేలిన నోటును ఒక్క లాగుతో చింపేయగలవు.

ఒకసారి సరిగ్గా స్కాన్ చేసుకుంటే ఆ తర్వాత నోటును మాటిమాటికీ చేతిలోకి తీసుకోవలసిన పని ఉండదు. స్కానింగ్ వల్ల అసలు లాభం అదే కనుక మొదటిసారే శ్రద్ధగా చేయండి. రంగుల్లో, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద, వివరాలేవీ పోగొట్టని టిఫ్ అనే బొమ్మ ఫైలుగా భద్రపరిస్తే 150 మిల్లీమీటర్ల పొడవు, 70 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న నోటు ఒక్కో వైపుకు, కుదించకపోతే, సుమారు 17 ఎంబీ అవుతుంది. 1200 డీపీఐకి వెళితే ఫైలు దానికి నాలుగింతలవుతుంది. సూక్ష్మాక్షరాలను పరిశీలించే ఉద్దేశం ఉంటే తప్ప అది దండగ. మార్చి భద్రపరిచిన ప్రతిసారీ జేపెగ్ ఫైలు కొంత వివరాన్ని కోల్పోతుంది కనుక అది ఇతరులకు పంపడానికి మాత్రమే పనికొస్తుంది. నోటు వెనక నల్లకాగితం పెడితే రెండోవైపు ముద్రణ ఇవతలికి కనిపించదు. స్కానరు సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఆటోమేటిక్ రంగు సవరణలన్నిటినీ ఆపేయడం మరచిపోవద్దు, ఎందుకంటే పాత కాగితం పసుపును అది మరకగా భావించి తెల్లగా చేసేస్తుంది. కొన్నేళ్ల తర్వాత నోటు ఇంకా పాడైందా లేదా అని పోల్చి చూసుకోవడానికి మనకు కావలసింది ఆ పసుపే.

ఇక ఫొటోషాప్ సంగతి. అది మీ కంప్యూటరు లోపం కాదు. నకిలీ నోట్లను అడ్డుకోవడానికి కేంద్ర బ్యాంకుల బృందం ఒకటి అందించిన గుర్తింపు వ్యవస్థ 2003లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్ నుంచి అందులో భాగమై ఉంది. కలర్ జిరాక్స్ యంత్రాలు కొన్ని నోట్లను కాపీ చేయకపోవడానికి కారణం వేరు: నోటు మీద ఐదు చిన్న వలయాల అమరిక ఒకటి పదే పదే ముద్రించి ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే మార్కస్ కూన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2002లో దాన్ని గమనించి యూరియన్ అని పేరు పెట్టారు. భద్రపరచడానికి మీకు ఫొటోషాప్ అవసరమే లేదు. స్కానరుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా టిఫ్‌గా దాచుకోండి. అదీ ఒప్పుకోకపోతే పక్కదారులు వెతకకుండా ఆ నోటు వరకు కెమెరా ఫొటోతో సరిపెట్టుకోవడం మేలు. బొమ్మను నెట్‌లో పెట్టే ముందు ఆ నోటు ఏ దేశానిదో ఆ దేశపు నియమం చూసుకోండి. ఉదాహరణకు యూరో నోటు బొమ్మ అసలు పరిమాణంలో 72 డీపీఐ మించకూడదనీ, దాని మీద స్పెసిమెన్ అన్న మాట ఏటవాలుగా ఉండాలనీ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు నియమం.

ప్రశ్న: నోట్ల జాబితాను ఎక్సెల్‌లో రాస్తున్నాను. సీరియల్ నంబర్ల ముందున్న సున్నాలు మాయమవుతున్నాయి. ఒక నంబరైతే పూర్తిగా మారిపోయింది.

జవాబు: సీరియల్ నంబరు చూడటానికి అంకెలే అయినా దానితో కూడికలు, తీసివేతలు చేయం కాబట్టి అది సంఖ్య కాదు, పేరు. ఆ తేడా ఎక్సెల్‌కు తెలియదు. 000123 అని కొడితే దానికి 123గానే అర్థమవుతుంది. సున్నాలు ఎక్కువగా ఉన్న తొలి నంబర్లకే సేకరణలో గిరాకీ ఎక్కువ కనుక నష్టపోయేదీ అవే. మధ్యలో ఈ అనే ఇంగ్లీషు అక్షరం ఉన్న 4ఈ15 వంటి నంబరును అది నాలుగు పక్కన పదిహేను సున్నాలున్న సంఖ్యగా మార్చేస్తుంది. నంబర్లు టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చాలి. తర్వాత మార్చినా పోయిన సున్నాలు తిరిగి రావు కనుక ఇప్పటికే రాసినవాటిని స్కాన్లతో సరిచూసుకోక తప్పదు. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా పట్టికను) డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఇదే కథ మొదటికొస్తుంది. దాన్ని ఇంపోర్ట్ ద్వారా, ఆ వరుస టెక్స్ట్ అని చెప్పి తెరవాలి.

ప్రశ్న: నోట్లను లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటాయా?

జవాబు: చేయించకండి. వేడికి కరిగిన జిగురు నూలు పీచులోకి దిగిపోతుంది. మళ్లీ నోటును క్షేమంగా బయటికి తీయడం సాధ్యం కాదు. మెత్తని పీవీసీ కవర్లు కూడా వద్దు. వాటిని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాలక్రమంలో బయటికొచ్చి నోటుకు అంటుకుంటుంది, ప్లాస్టిక్ చెడేకొద్దీ ఆమ్లం కూడా విడుదలవుతుంది. కొత్త కవరు తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే అనుమానించండి. మైలార్ పేరుతో ప్రసిద్ధమైన పాలిస్టర్ కవర్లు, ఏమీ కలపని పాలీప్రొపిలీన్ కవర్లు నిశ్చింతగా వాడవచ్చు.

ప్రశ్న: అగ్నికి తట్టుకునే ఇనప్పెట్టె కొన్నాను. నోట్లు, వాటి స్కాన్లున్న హార్డ్‌డిస్కు రెండూ అందులోనే పెట్టవచ్చా? లోపల పెట్టిన తేమ మీటరు 62 శాతం చూపిస్తోంది, నమ్మవచ్చా?

జవాబు: మీటరును నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో వంటఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు మాత్రమే నీటిచుక్కలు వేసి, మీటరుతో పాటు గాలి చొరబడని సంచిలో రాత్రంతా ఉంచండి. ఆ సంచిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీటరు 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెబుతోందన్నమాట. ఆ లెక్కన మీ పెట్టెలో ఉన్నది 67, అంటే బూజుకు అనువైన తేమ. కాగితానికి 35 నుంచి 50 శాతం మధ్య, పెద్దగా ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండటం మంచిది. ఇలాంటి పెట్టెల గోడల్లోని పదార్థం నీటిని పట్టి ఉంచుకుని, మంటల్లో దాన్ని ఆవిరిగా వదిలి లోపలి వేడిని అదుపులో ఉంచుతుంది కనుక మామూలు రోజుల్లోనూ లోపల తేమ ఎక్కువే. తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి మీటరు చూసి, అవి తేమ పట్టగానే మార్చండి. 35 కంటే కిందికి దిగనివ్వకండి, మరీ ఎండిన కాగితం పెళుసుబారుతుంది.

హార్డ్‌డిస్కును మాత్రం అందులో పెట్టవద్దు. కాగితాల కోసం చేసిన పెట్టెలకు ఇచ్చే క్లాస్ 350 అనే ప్రమాణానికి అర్థం, మంటల్లో లోపలి ఉష్ణోగ్రత 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటదని. ఆ వేడికి కాగితం నిలుస్తుంది, హార్డ్‌డిస్కు నిలవదు. డిజిటల్ మీడియాకు ఉద్దేశించిన క్లాస్ 125 పెట్టెల్లో హద్దు సుమారు 52 డిగ్రీలే. పాలిమర్ నోట్లకూ కాగితాల పెట్టె రక్ష కాదు. అవి పాలీప్రొపిలీన్‌తో చేసినవి, ఆ ప్లాస్టిక్ 165 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, ముడుచుకుపోవడం అంతకు ముందే మొదలవుతుంది. స్కాన్లు, జాబితా రెండూ కనీసం మూడు ప్రతులుగా, ఒకటి వేరే భవనంలో ఉండేలా చూసుకోండి. ఆ జాబితా దొంగకు ఏది తీసుకోవాలో చెప్పే పట్టిక కూడా అవుతుంది కాబట్టి డిస్కును పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి, ఫోనుతో తీసిన నోట్ల ఫొటోలను ఎవరికైనా పంపే ముందు వాటిలో నమోదైన లొకేషన్ వివరాలను తొలగించండి.