ఏ కణం బిడ్డ, ఏ కణం మావి?

ప్రశ్న: మాకు ఐవీఎఫ్ చికిత్స జరుగుతోంది. అయిదో రోజు పిండం ఫొటో చూపించి '4ఏబీ' అన్నారు. లోపల ముద్ద బిడ్డ అవుతుందట, చుట్టూ ఉన్న పొర మావి (ప్లాసెంటా) అవుతుందట. అన్ని కణాల్లో జన్యువులు ఒకటే కదా, ఏది ఏమవ్వాలో ఎవరు చెబుతారు? ఆ 'బీ' చూసినప్పట్నుంచి ఒకటే టెన్షన్.
- ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందు ఆ 'బీ' సంగతి చూద్దామమ్మా. 4 అంటే పిండం ఎంత విచ్చుకుందో చెప్పే అంకె. మొదటి అక్షరం లోపలి ముద్దకి, రెండోది పొరకి. మీ 'బీ' పొరకి పడింది. ఏబీ పిండాలతో పిల్లలు పుట్టడం మా ల్యాబ్ వాళ్లకి కొత్తేం కాదు. హాయిగా నిద్రపోండి.

ఇక అసలు ప్రశ్న. పీహెచ్‌డీ రోజుల్లో నేను ఎలుక పిండాలతో పనిచేశాను. ఎనిమిది కణాలప్పుడు మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్షగుత్తిలా దేనికది విడిగా కనిపిస్తుంది. ఓ రోజు పొద్దున అలాగే ఉన్నవి సాయంత్రానికి గీతలన్నీ పోయి నున్నటి ముద్దలయ్యాయి. చచ్చాయనుకుని పారేయబోయాను. సీనియర్ అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. చావలేదు, కణాలు ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకున్నాయంతే. కథ అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత చీలే కణాల్లో కొన్ని బయట ఉండిపోతాయి, కొన్ని లోపల ఇరుక్కుంటాయి. బయటి కణానికి ఒక పక్క ఖాళీ. దాంతో ఆ కణంలో యాప్ అనే ప్రొటీన్ (ఫోన్లో యాప్ కాదు) కేంద్రకంలోకి వెళ్లి, సీడీఎక్స్2 జన్యువును నిద్ర లేపుతుంది. ఆ కణం మావి దారి పడుతుంది. లోపలి కణంలో హిప్పో అనే సంకేత వ్యవస్థ యాప్‌ని గుమ్మం బయటే ఆపేస్తుంది. అక్కడ ఆక్ట్4, సాక్స్2, నానాగ్ అనే జన్యువులదే పెత్తనం. ఒంట్లో ఏ కణంగానైనా మారగల మూలకణం అంటే అదే. అంటే, ఎవరూ చెప్పరు, ఉన్న చోటే చెబుతుంది. మనుషుల్లో వరస కొంచెం వేరు. సీడీఎక్స్2 పిండం ఉబ్బాక గానీ కనిపించదు.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం వేసేది ఆక్ట్4. 1998లో ఆ జన్యువు తీసేసిన ఎలుక పిండాలను చూస్తే లోపలి కణాలు కూడా మావి దారే పట్టాయి. సరే, లేకపోతే చెడిందనుకుందాం. 2000లో హితోషి నివా, ఆస్టిన్ స్మిత్ తదితర శాస్త్రవేత్తలు మూలకణాల్లో దాని మోతాదు మార్చి చూశారు. బాగా తగ్గిస్తే మావి కణాలయ్యాయి. పెంచితే? రెట్టింపు కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ పెంచినా మూలకణం గుణం పోయి ఇంకేవో కణాలయ్యాయి. అచ్చం పప్పులో ఉప్పే. తక్కువైనా పనికిరాదు, చిటికెడు ఎక్కువైనా పనికిరాదు.

అన్నట్టు, మీ ఫొటోలో ఆ ముద్ద నడిమధ్యలో కాకుండా ఓ పక్కకి అతుక్కుని ఉంటుంది. అలాగే ఉండాలి. దానికోసం టెన్షన్ పడి మళ్లీ ఉత్తరం రాయకండి.